దబరా, ఆ యమ్మకు చెప్పు

బెళుగుప్ప నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి పోతే బోడిగుట్టపల్లె. ఊరి వెనక గుట్ట మీద వరసగా గాలిమరలు. ఆకు కూడా కదలని రోజున సైతం వాటిలో ఒకటి మధ్యాహ్నం పన్నెండున్నరకు ఉన్నట్టుండి ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది. కంపెనీ ఇంజనీర్లు రెండుసార్లు జీపులో వచ్చి, పైకెక్కి, మర విప్పి, మళ్లీ బిగించి, తల గోక్కుంటూ దిగి వెళ్లారు. కింద గొర్రెలు మేపుకుంటున్న మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే అంత ఎత్తు ఎక్కే పని తప్పేది. పన్నెండున్నరకు బళ్లో సుంకమ్మ పిల్లల్ని అన్నానికి పిలుస్తుంది. అంతే సంగతి.

సుంకమ్మది అలాంటి గొంతు. వయసు యాభై రెండని ఆధార్ కార్డు అంటుంది. నేను పుట్టినప్పుడు ఆ కార్డు యాడుండాది అని సుంకమ్మ అంటుంది. చదువు రెండో తరగతి. పలక పగిలింది, కొత్త పలక వచ్చేలోపు ఇంటికి మేకలొచ్చాయి, మేకల వెనక ఆమె పోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ అదే బడికి వచ్చింది, ఈసారి వంట మనిషిగా. తరగతి గదిలోకి కాదు, దాని పక్కన రేకుల షెడ్డులోకి. పదిహేనేళ్లుగా ఆ షెడ్డుకు ఆమె మహారాణి. పిల్లలకు అన్నం వడ్డిస్తూ ఏ పిల్లవాడు ఇంట్లో తన్నులు తిని వచ్చాడో, ఎవరి మేక ఈనిందో కంచం పట్టుకున్న తీరును బట్టి చెప్పేసేది. చెప్పింది తప్పయితే, మేకదే తప్పు.

ఆ షెడ్డులో ఇంకొకామె కూడా ఉంది. పేరు పెద్దక్క. సుంకమ్మకు స్వయానా తోడికోడలు. అన్నను ఆమె చేసుకుంది, తమ్ముణ్ణి ఈమె చేసుకుంది. ఇద్దరూ ఒకే పొయ్యి ముందు కూర్చుంటారు, ఒకే దబరలో గంటె తిప్పుతారు. ఇద్దరి మధ్య మాటలు లేక పదకొండేళ్లయింది.

కారణం సంగటి. పదకొండేళ్ల కింద ఇంటి పెండ్లిలో రెండు వందల మందికి సుంకమ్మ రాగి సంగటి చేసింది. అది ఉండలు కట్టింది. కట్టడమంటే మామూలుగా కాదు. పెండ్లికొడుకు మేనమామకు వచ్చిన ఉండ ఆయన పన్ను తీసుకునే వదిలిందట. మిగిలిన వాటితో ఊరి పిల్లలు మూడు రోజులు గోళీలాడారట. ఒకటి ఇప్పటికీ ఓబుళేసు చేని గట్టు మీద సర్వే రాయిగా పనిచేస్తోందని అతనే ప్రమాణం చేసి చెబుతాడు. ఇవన్నీ సుంకమ్మ భరించేదే. కానీ పంతి మధ్యలో నిలబడి, నలుగురూ వినేలా, "మా సుంకమ్మకు సంగటి రాదులే, ఉండలైతే బాగా చేస్తాది" అన్నది పెద్దక్క. ఆ పూట నుంచి కట్.

పేరే పెద్దక్క కావడం ఇంకో ఇబ్బంది. పేరు పెట్టి పిలిచినా వరస కలిపినట్టే అవుతుందని సుంకమ్మ ఆ పేరు కూడా నోట రానివ్వలేదు. "ఆ యమ్మ" అనేది. ఇక ఊళ్లో సుంకమ్మ ఉన్న చోట ఉండ అనే మాట ఎవరూ ఎత్తేవాళ్లు కారు. నువ్వుల ఉండలు కూడా ఆ ఊళ్లో "నువ్వులవి" అయిపోయాయి.

మాటలు లేనంత మాత్రాన వంట ఆగుతుందా? ఆ సీమలో మాటలు లేనివాళ్లు మాట్లాడుకునే పద్ధతి ఒకటి ఉంది. గోడకో, గేదెకో, ఎదురుగా ఉన్న ఏ వస్తువుకో చెప్పాలి. అవతలివాళ్లు దాని నుంచి విన్నట్టు వినాలి. వీళ్లిద్దరికీ ఆ వస్తువు దబర.

"దబరా, పప్పులో ఉప్పు చాల్లేదని ఆ యమ్మకు చెప్పు."

"దబరా, ఉప్పు వేసింది ఎవురో అడుగు. నాలిక మీద పుండేమన్నా ఉండాదేమో అది గూడా అడుగు."

"దబరా, నా నాలిక సంగతి అడిగేకి ఆమె ఎవురంట?"

ఆ జిల్లాలో అంత తిట్లు తిన్న గిన్నె ఇంకొకటి లేదు. దానికి సొట్టలు పడింది నేల మీద కాదు, మాటలకు.

ఈ పక్క షెడ్డు అలా ఉంటే ఆ పక్క గది ఇంకోలా ఉండేది. పదిహేడు మంది పిల్లలు, ఒక సారు. కుళ్లాయప్ప సారు చాలా మంచివాడు, ఎవరినీ కష్టపెట్టడు, ముఖ్యంగా తనను. ఆయన ముప్ఫై ఏళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాడు: "అర్థమైందా?" పిల్లలు ముప్ఫై ఏళ్లుగా ఒకే జవాబు చెబుతున్నారు: "అయింది సార్!" ఒకసారి ఎండ దెబ్బకు తల తిరిగి, సూర్యుడు పడమర పుడతాడని చెప్పి, అర్థమైందా అన్నాడు. అయింది సార్ అన్నారు.

విడిగా ఏదైనా అడిగితే మాత్రం ఒక్క తిప్పేష్ చెప్పేవాడు. అయిదో తరగతి, ముందు వరస. ప్రశ్న పూర్తికాకముందే లేచి నిలబడేవాడు. మిగిలిన పదహారు మందీ వాడి వీపు చూసి చదువుకునేవారు.

ఇది ఇలాగే ఇంకో ముప్ఫై ఏళ్లు సాగేదే. కానీ మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చింది, జయంతి మేడం అని. ఆమె తిప్పేష్‌ను కూర్చోబెట్టి, వెనక వరస నుంచి ఒక్కొక్కరినీ లేపింది. పదహారు మంది పదహారు దిక్కులు చూశారు. బయటికి వస్తూ సారుతో ఆమె అన్నది షెడ్డులో ఉన్న సుంకమ్మ చెవిన పడింది.

"సార్, ఒక పిల్లోడు చదువుతాండాడు, పదహారు మంది చూస్తాండారు. నెల రోజులకు మళ్లీ వస్తా. అప్పుడు గూడా ఇట్లనే ఉంటే, పిల్లోళ్లను పక్కూరి బడిలో కలపమని రాసేస్తా. నన్నేమనుకోవద్దు."

పిల్లలు పక్క ఊరికి పోతే పొయ్యి ఎవరికోసం? పక్క ఊరి బళ్లో ముగ్గురు వంటవాళ్లు ఇప్పటికే ఉన్నారు. సుంకమ్మకు చేను లేదు. ఉన్నవాళ్ల చేలల్లో బోర్లు లేవు. వానొస్తే వేరుశనగ కూలీ, రాకపోతే ఏమీ లేదు. అది కూడా ఎలాగో ఈడ్చవచ్చు. కానీ పొద్దున్నే లేచి పోవడానికి చోటు లేకపోతే, పదిహేడు మందిని కేకేయకపోతే, ఆ గొంతును ఏం చేసుకోవాలి? ఇంట్లో మొగుడొక్కడు. వాడికి సగం చెవుడు, మిగిలిన సగం నటన.

"దబరా, విన్యావా? మన పొయ్యి ఆర్పేస్తారంట" అంది సుంకమ్మ.

"దబరా, నేను గూడా విన్యానని చెప్పు" అంది పెద్దక్క. పదకొండేళ్లలో తిట్టు లేకుండా దబర మోసిన మాటలు ఆ రెండే.

కుళ్లాయప్ప సారు కూడా భయపడ్డాడు. అనంతపురంలో మూడు రోజుల ట్రైనింగు పెడితే, ఎప్పుడూ కడుపునొప్పి రాసి పంపేవాడు ఈసారి నిజంగా పోయి, నిజంగా మెలకువగా కూర్చుని వచ్చాడు. సోమవారం బడిలో నిలబడి ప్రకటించాడు.

"వినండప్పా. ఇంగ నేను ప్రశ్న అడిగితే ఎవురూ చెయ్యి ఎత్తగూడదు. తిప్పేషా, నీకే చెప్తాండా. రెండు నిమిషాలు పక్కనుండేవాళ్లతో మాట్లాడుకోవల్ల. ఆ తర్వాత నేను ఎవుర్నైనా లేపుతా. లేసినోళ్లు తమ మాట చెప్పగూడదు. పక్కనోళ్లు ఏం చెప్పినారో అది చెప్పల్ల. ఉన్నదున్నట్టు."

పిల్లలు జతలు కట్టారు. ఎనిమిది జతలయ్యాక ఒక పిల్ల మిగిలింది. పేరు ఎస్తేరు, మూడో తరగతి, ఊరికి కొత్త. సారు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"సుంకమ్మా, రోంత రామ్మా. రెండు నిమిషాలు ఈ పాపకు జతగా కూసో."

"పప్పు పొయ్యి మీద ఉండాది సారూ."

"పప్పు పెద్దక్క చూస్తాదిలే."

"ఆ యమ్మ చూస్తే ఇంగ అది పప్పేనా?" అంటూనే కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, యాభై రెండేళ్ల సుంకమ్మ మూడో తరగతి బల్ల మీద కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

ఆ రోజు ప్రశ్న: మొక్కలకు నీళ్లు ఎందుకు కావాలి? ఎస్తేరు గుసగుసగా ఏదో చెప్పింది. సుంకమ్మ తన వంతుగా, తన చిన్నప్పుడు ఈ ఊళ్లో ఎంత వాన పడేదంటే చేపలు ఇంటి చూరు ఎక్కేవని, తలుపు తీస్తే పొయ్యిలో తామే దూకేవని చెప్పింది. సారు ఎస్తేరును లేపాడు. అప్పటిదాకా నోరు విప్పని పిల్ల నిలబడి, "సుంకమ్మవ్వ చెప్పింది. చేపలే వచ్చి పొయ్యిలో దూకుతాండె అంట" అంది, ఉన్నదున్నట్టు. బడి బడంతా నవ్వింది. ఎస్తేరు కూడా నవ్వింది. తర్వాత సారు సుంకమ్మను లేపాడు. పిల్ల ఏం చెప్పిందో ఆమెకు గుర్తులేదు. వింటే కదా.

"విన్ల్యా సారూ" అంది, పదిహేడు మంది ముందు తల వంచుకుని. తల వంచడం ఆమెకు అలవాటు లేని పని. మెడ రెండు రోజులు నొప్పి పెట్టింది. మరుసటి రోజు నుంచి ఎస్తేరు పెదాలు కదిలితే చాలు, చెవి అక్కడికి తీసుకుపోయి పెట్టేది.

మిగిలిన ఎనిమిది జతల్లో ఆరు జతలు మాత్రం మొహాలు చూసుకుని కూర్చునేవి. సిగ్గు. పక్కవాడి కళ్లలోకి చూసి పాఠం గురించి మాట్లాడటమా? బొంగరాల గురించైతే సరే. వారం గడిచింది. సారు మొహం వాడిపోయింది.

రెండో వారంలో తిప్పేష్‌కూ అతని జత రామాంజులుకూ బొంగరం దగ్గరే గొడవైంది. మాటలు కట్ అనుకున్నారు. సారు ప్రశ్న అడిగాడు: మేఘాలు ఎలా పుడతాయి? రామాంజులు ముందున్న డస్టర్‌ను దగ్గరకు లాక్కున్నాడు.

"డస్టరూ, నీళ్లు ఆవిరై పైకి పోతాయని ఈనికి చెప్పు. చెరువులో నీళ్లే ల్యాకుంటే ఆవిరి యాన్నుంచి వస్తాదని గూడా అడుగు."

"డస్టరూ, సముద్రం నుంచి వస్తాదని చెప్పు. బొంగరం దొంగలకు అంత దూరం తెల్దని గూడా చెప్పు."

సారు బెత్తం అందుకోబోయి ఆగాడు. ఆ రామాంజులు రెండేళ్లుగా బళ్లో ఒక పూర్తి వాక్యం మాట్లాడి ఎరుగడు. వస్తువుతో చెప్పి పంపాలంటే మాటను సగంలో మింగడానికి లేదు. మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి. అవతలివాడు తల ఊపితే సరిపోదు, బదులు పంపాలి. పైగా ఎవరి కళ్లలోకీ చూడక్కర్లేదు.

"ఎవురు నేర్పించినార్రా ఇది?" అన్నాడు సారు.

పదిహేడు వేళ్లు కిటికీలోంచి రేకుల షెడ్డు వైపు చూపించాయి.

మరుసటి రోజు నుంచి ప్రతి జత మధ్యలో ఒక వస్తువు. ఒకరికి పలక, ఒకరికి చింతగింజ, ఒకరికి మంచినీళ్ల గ్లాసు. ఒక జత చెప్పు తెచ్చి పెడితే సారు అదొక్కటి తీయించాడు. బడి నిండా గోల. సంతలో బేరాలకు కూడా అంత గోల ఉండదు. సిగ్గరి పిల్లలు చింతగింజకు ఎనిమిదో ఎక్కం అప్పజెప్పారు. లేపితే చాలు, పక్కవాడి మాట గడగడా వచ్చేస్తోంది. సుంకమ్మ ఊరంతా తిరిగి, అనంతపురం ట్రైనింగు వాళ్లే తన దగ్గరికి వచ్చి నేర్చుకుపోయారని చెప్పుకుంది. పెద్దక్క అదే మాట తన పేరు మీద చెప్పుకుంది.

నెల తిరిగింది. ఆ పొద్దున రాగిజావ కాస్తున్నారు. ఎసరు పొయ్యి మీద ఉంది, ఇంకా మరగలేదు. కారు మోత వినిపించింది.

"దబరా, వచ్చేసినారు! పిండి పోయమను" అంది సుంకమ్మ.

"దబరా, ఎసరు ఇంగా తెర్లల్యా, రోంత ఉండమను" అంది పెద్దక్క.

సుంకమ్మ ఉండలేదు. కలిపిన పిండి మొత్తం ఒక్కసారి కుమ్మరించింది.

జయంతి మేడం బల్ల ముందు కూర్చుని, సారు చెప్పిన జతల పద్ధతి విన్నది. జావ గ్లాసు చేతికిచ్చారు. ఒక గుక్క తాగి ఆగింది. చెంచా అడిగింది. గ్లాసులో తిప్పి, పైకెత్తి చూపించింది. చెంచాలో ఒక ఉండ.

వంటవాళ్లిద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"బాగుంది. పుస్తకంలో ప్రశ్న ఎందుకు, ఇదే అడుగుతా. జావలో ఈ ఉండలు ఎందుకు కట్టినాయి? పక్కనోళ్లతో మాట్లాడి చెప్పండి" అంది మేడం. తర్వాత ఎస్తేరు పక్కన ఖాళీ చూసి అక్కడికి పోయి కూర్చుంది. "నాకు నువ్వు జత పాపా."

ఎనిమిది జతలు. ఒక్క పెదవి కదల్లేదు. మేఘాలడిగితే చెప్పేవాళ్లు, ఎక్కాలడిగితే చెప్పేవాళ్లు. కానీ సుంకమ్మ ఎదురుగా ఆ మాట? తిప్పేష్ కూడా పైకప్పు వైపు చూశాడు. కుళ్లాయప్ప సారు చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. మేడం గడియారం చూసింది. సంచిలోంచి పెన్ను తీసింది.

సుంకమ్మ ఆ పెన్ను మూత ఊడటం చూసింది. తన పొయ్యి ఆర్పేది ఆ పెన్నే. పిల్లల నోళ్లకు తాళం వేసింది ఎవరో కాదు, తానే, పదకొండేళ్ల కింద. తీయాలంటే తానే తీయాలి. కానీ తన జతను మేడం తీసుకుంది. పక్కన మిగిలింది ఒక్కతే. చెయ్యి దబర కోసం వెతికింది. దబర షెడ్డులో ఉంది.

"ఏమక్కా" అంది సుంకమ్మ, ఎదురుగా మొహం చూస్తూ. "జావ ఉండలెందుకు కట్టింది?"

పెద్దక్క నోరు తెరుచుకుంది. "ఎసరు తెర్లక ముందే పిండి పోసినావు గదమ్మే! రోంత ఉండమని దబరకు చెప్తి. చెప్పల్యా అది నీకు?" అంది. అది విని పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆమె గొంతు తగ్గించి, సుంకమ్మకు మాత్రమే వినపడేలా ఇంకో నాలుగు మాటలు చెప్పింది. సుంకమ్మ మొహంలో రంగులు మారాయి.

"ఏమ్మా, పక్కామె ఏం చెప్పింది?" అని మేడం సుంకమ్మనే లేపింది.

సుంకమ్మ గొంతు సవరించుకుంది. "మా అక్క చెప్పింది మేడం. ఎసరు తెర్లక ముందే పిండి పోస్తే ఉండలు కడతాదంట. ఈ పొద్దు పోసింది నేనే అంట." అక్కడ ఆగింది. "ఇంగోటి గూడా చెప్పింది. అది జావ సంగతి గాదు. ఇడిసిపెట్టండి."

"ఇడిసేకి ల్యా!" తిప్పేష్ లేచాడు. "ఉన్నదున్నట్టు చెప్పల్ల. సారు రూలు!"

"గమ్మునుండ్రా నీ మూతి పగల!"

"రూలు! రూలు!" బడి మొత్తం బల్లలు బాదింది.

"నేనే చెప్తాలే" అని పెద్దక్క ముందుకొచ్చింది.

"నీది నువ్వు చెప్పగూడదు పెద్దవ్వా! పక్కనోళ్లే చెప్పల్ల!" అన్నాడు రామాంజులు.

పెద్దక్క సుంకమ్మ వైపు తిరిగింది. "చెప్పమ్మే. ఇంగ ఎన్నేండ్లు మోసేది."

అప్పుడు సుంకమ్మ చెప్పింది. పదకొండేళ్లు కడుపులో నొక్కిన గొంతంతా కలిపి చెప్పింది. "ఆ పొద్దు పెండ్లిలో నేను నీళ్లకు పోయినప్పుడు, సాయం చేద్దామని, ఎసరు తెర్లక ముందే పిండి పోసింది మా అక్కేనంట! తన తప్పు యాడ బయటపడుతాదో అని నన్ను నలుగుర్లో అనిందంట! నాకు సంగటి చేసేకి బాగా వచ్చునంట!" చివరి మాట పెద్దక్క చెప్పలేదు. కానీ సరి చేయలేదు కూడా.

గుట్ట మీద గాలిమర మూడు చుట్లు తిరిగింది. టైము పదింబావు.

ఇక పిల్లల్ని ఆపడం దేవుడి వల్ల కూడా కాలేదు. ఎనిమిది జతలూ ఉండల మీద పడ్డాయి. ఒకరు పిండి చన్నీళ్లలో బాగా కలపలేదన్నారు, ఒకరు గంటె ఆపకుండా తిప్పాలన్నారు. ఓబుళేసు చేని గట్టు రాయి నిజంగా రాయేనా అనే పాయింటు కూడా వచ్చింది. మేడం ఎవరిని లేపితే వాళ్లు పక్కవాళ్ల మాట చెప్పారు. చివరికి ఎస్తేరు తనంతట తానే లేచింది.

"మేడం చెప్పింది. వాళ్లింట్లో గూడా జావ ఉండలే కడతాదంట. ఎందుకో ఆమెకు గూడా తెల్దంట."

మేడం పెన్ను చేతిలోనే ఆగింది. తర్వాత నవ్వాపుకోలేక దగ్గింది. పుస్తకంలో రాసింది రెండు లైన్లు. సారు వెనక నుంచి మెడ సాచి చదివాడు: పదిహేడు మందికి పదిహేడు మందీ మాట్లాడుతున్నారు. బడి ఇక్కడే ఉండాలి. పోతూ పోతూ షెడ్డు దగ్గర ఆగి, ఎసరు తెర్లిందని ఎలా తెలుస్తుందో పెద్దక్కను అడిగి మరీ కారెక్కింది.

మరుసటి రోజు నుంచి దబరకు పని తప్పింది. తోడికోడళ్లిద్దరూ మొహాన మొహం పెట్టి మాట్లాడుకున్నారు. పదకొండేళ్ల బాకీ మాటలు కదా, వరసలో ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. పెండ్లి సంగటి నుంచి మొదలుపెట్టి, దానికి ముందు పోయిన కోడిపెట్ట దాకా వెళ్లారు. ఒకరు అరిస్తే ఇంకొకరు అంతకంటే పైన. మధ్యలో నవ్వులు. పక్క గదిలో పిల్లలు తమ జత మాట వినపడక, చింతగింజలు పట్టుకుని ఖాళీగా కూర్చున్నారు.

నాలుగో రోజు కుళ్లాయప్ప సారు షెడ్డు దగ్గరకు వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా సుంకమ్మా, అమ్మా పెద్దక్కా. మీకు పుణ్యముంటాది. పొద్దున పూటన్నా రోంతసేపు దబరతో మాట్లాడుకోండి."